డాక్టర్ సలహా: రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఏ బామ్ రాయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ మీద కుడతాను. నాలుగు నెలలుగా రాత్రి కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర, బి కాంప్లెక్స్ రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య కత్తెర చేతిలోంచి జారిపోతోంది. చెబితే లైన్లోంచి తీసేస్తారని సూపర్‌వైజర్‌కు చెప్పలేదు. ఏ బామ్ రాస్తే మంచిది?

జవాబు: బామ్ సంగతి అలా ఉంచండి. కత్తెర జారిపోతోందన్నారు, నాకు ఆందోళన అక్కడే. చూడకుండా ఖాయంగా చెప్పలేను కానీ, ఇది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ కావచ్చు. మణికట్టు లోపలి ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతుంది. అందుకే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతుంటే మోచేతి దగ్గరో మెడ దగ్గరో చూడాలి. రెండు అరచేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కుడి బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండే కండ పల్చబడిందా? పల్చబడితే వారంలోపు ఆర్థోపెడిక్ డాక్టర్‌కు గానీ న్యూరాలజిస్టుకు గానీ చూపించండి. తిమ్మిరి తగ్గినా, ఒకసారి పోయిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

నాలుగు నెలలు షాపు మాత్రలతో నెట్టుకొచ్చారమ్మా, అది సరికాదు. నొప్పి మాత్ర నరం మీద ఒత్తిడి తీయదు. డైక్లోఫెనాక్ లాంటివి నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. మలం నల్లగా వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షాపులో స్ట్రిప్ లేకుండా పొట్లంలో విడి మాత్రలు ఇస్తుంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. అలాంటివి వారాల తరబడి వేసుకుని ఉంటే ఒక్కసారిగా ఆపకండి, పొట్లంతో సహా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి, ఆ రెండింటివల్లా ఈ తిమ్మిరి రావచ్చు. గర్భం ఉంటే ముందే చెప్పండి. అవసరమైతే నరాల పరీక్ష రాస్తారు.

ఈలోగా మణికట్టు వంగకుండా పట్టే స్ప్లింట్ రాత్రిపూట ఆరు వారాలు కట్టుకోండి. క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టకండి, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గట్టి స్ప్లింట్‌తో కుట్టకండి, చెయ్యి దానితో పెనుగులాడుతుంది.

ఇక పని. స్టూలు ఎత్తు ఎలా ఉండాలంటే, మోచేతులు టేబుల్ మట్టానికో కాస్త పైనో రావాలి. మణికట్టు టేబుల్ అంచుకు ఆనుతుంటే అంచుకు ఫోమ్ అంటించమనండి. అందరూ వదిలేసేది దారాలు కత్తిరించే ట్రిమ్మర్: పదును పోయిన కొద్దీ నొక్కే బలం పెరుగుతుంది, అది వందలసార్లు బొటనవేలి మీదే పడుతుంది. కొత్తది అడగండి. అరగంటకోసారి ఒక్క నిమిషం చేతులు వదులుగా వేలాడేయండి. కుట్టు నుంచి ట్రిమ్మింగ్‌కు మార్చితే లాభం లేదు, అవే వేళ్లు. చెకింగ్ లాంటి పని అడగాలి.

అడగాలంటే చెప్పాలి కదా. నోటిమాటగా కాదు, కాగితం మీద: ఎప్పుడు మొదలైంది, ఏ వేళ్లు, మిషన్ మీద ఏ కుట్టు పని, షిఫ్ట్‌కు ఎన్ని పీసులు. హెచ్‌ఆర్‌కో వెల్ఫేర్ ఆఫీసర్‌కో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. పే స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కింద 0.75 శాతం కోత ఉంటే ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడ ‘చెయ్యి నొప్పి’ అని ఊరుకోకండి, రోజంతా చేసే పని ఓపీ చీటీలో రాయించండి. డాక్టర్ సెలవు రాస్తే, అర్హత ఉన్నవారికి ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. చెయ్యి హఠాత్తుగా బెణికితే మాత్రం ఆ రోజే ప్రమాదాల పుస్తకంలో రాయించాలి.

బామ్ రాసుకుంటే హాని లేదు, చర్మం మండకపోతే. డాక్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారంలోనే తీసుకోండి.