సైకిల్ కొన్న అల్లుడికి

అల్లుడూ,

సైకిల్ కొన్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. బెంగళూరులో మారతహళ్లి నుంచి కుందలహళ్లి మెట్రో దాకా దాని మీద వెళ్లి అక్కడ రైలెక్కుతావట కదా. మంచి ఆలోచన. అక్కయ్యకే టెన్షన్. "ఆ ఊళ్లో బస్సుల మధ్య సైకిలేంట్రా, నువ్వన్నా చెప్పు వాడికి" అంది. వాయిస్ మెసేజ్ పంపితే సగం విని ఊరుకుంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

హిందూపురంలో బండి నడిపిన అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. బెంగళూరు రోడ్డు మీద నువ్వు జాగ్రత్తగా ఉంటే చాలదు. నువ్వేం చేయబోతున్నావో చుట్టుపక్కలవాళ్లకి కాస్త ముందే తెలియాలి. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 11 మీటర్లు పోతుంది. డ్రైవర్ నిన్ను చూసి, కాలు బ్రేకు మీదికి తెచ్చేలోపే ఆ సెకను కాస్తా అయిపోతుంది. గుంత కనబడగానే నువ్వు హ్యాండిల్ కుడికి తిప్పావనుకో, వెనక వచ్చే క్యాబ్ డ్రైవర్ ఎంత బుద్ధిమంతుడైనా చేయగలిగిందేమీ లేదు. కాబట్టి చూపు ముందు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి. మొదట వెనక్కి చూడు, తర్వాత చెయ్యి చాపు, ఆ తర్వాతే మెల్లగా జరుగు.

కొత్తగా సైకిల్ ఎక్కినవాళ్లందరూ భయంతో రోడ్డు అంచుకి అతుక్కుపోతారు. అంచులోనే ఉంది అసలు ప్రమాదం. వైట్ టాపింగ్ అని పాత రోడ్డు మీదే కాంక్రీటు పరిచిన రోడ్లకి, పక్కనున్న కాలవకి మధ్య కొన్నిచోట్ల సందు ఉంటుంది. సన్న టైరు అందులో దిగితే ఇక బయటికి రాదు, నువ్వే కింద పడతావు. ఆగి ఉన్న కార్ల పక్కన పోయేటప్పుడు ఒక తలుపు తెరుచుకునేంత ఎడం వదులు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ, చోటు దొరికినప్పుడు వాడే దాటుకుని పోతాడు. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు మీద సైకిళ్లకని ప్లాస్టిక్ గుంజలు పాతి ప్రత్యేకంగా దారి వేశారు. మనవాళ్ల బైకులు ఊరుకుంటాయా? గుంజలు విరిగాయి, దారీ పోయింది. ఇప్పుడు నీకంటూ విడిగా దారి ఉంటుందన్న ఆశ పెట్టుకోకు.

బస్సుల సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. సాయంత్రం ఆరున్నరకి మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఒక్క పది నిమిషాలు నిలబడి చూడు. స్టాప్ ముందు ఆటోలు అడ్డంగా ఉంటాయి, బీఎంటీసీ సిటీ బస్సు ఫుట్‌పాత్ దాకా రాలేక రెండో వరసలోనే ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది, చేతిలో టిఫిన్ సంచీతో ఒకావిడ నేరుగా రోడ్డు మీదికే దిగుతుంది. ఆవిడ చూపు మెట్టు మీద ఉంటుంది, నీ మీద కాదు. సరిగ్గా అప్పుడే బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సందులోంచి ఒక బైకు దూసుకొస్తుంది. ఆ బైకు నువ్వు కాకూడదు, సైకిల్ మీద ఉన్నా సరే. ఆగిన బస్సుని ఎడమ వైపు నుంచి దాటొద్దు, వెనకే నిలబడు. ఇంకోటి, బస్సు ఎడమకి తిరిగే చోట దాని ముందు చక్రం పక్కన ఇరుక్కోవద్దు. డ్రైవర్ అద్దంలో నీకు కనబడ్డం లేదంటే అతనికీ నువ్వు కనబడ్డం లేదన్నట్టే.

రైలు దిగి నడిచేటప్పుడు కథ వేరు. ఇక్కడివాళ్లు రోడ్డు ఎలా దాటతారో చూశావా? అరచెయ్యి ముందుకి చాపి, ఒకే నడకతో పోతారు. పరిగెత్తరు, మధ్యలో వెనక్కి తిరగరు. ఆ నడక చూసి బండ్లవాళ్లు లెక్క వేసుకుంటారు. సగం దూరం వెళ్లి భయపడి వెనక్కి ఉరికితే ఆ లెక్కంతా తప్పిపోతుంది. వన్‌వే అని ఒకే వైపు చూసి అడుగేయకు, డెలివరీ బండ్లకి వన్‌వేలు ఉండవు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయ్. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ అడ్డొస్తే కిందికి దిగక తప్పదు, దిగే ముందు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడు. చర్చ్ స్ట్రీట్, రెసిడెన్సీ రోడ్డు లాంటి చోట్ల ఫుట్‌పాత్‌లు బాగు చేశాక, మాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లు కూడా హాయిగా నడుస్తున్నారు. అలా చేయగలిగినవాళ్లు మన వైపు ఎందుకు చేయరో నాకర్థం కాదు.

శనాదివారాల్లో అద్దె కారు తీస్తావని కూడా విన్నాను. స్టీరింగ్ పట్టుకున్నాక, నడిచేటప్పుడు నువ్వు పడ్డ చిరాకంతా మర్చిపోకు. అడ్డంగా నడుస్తున్న మనిషి ముందు నుంచి దూరిపోవాలని చూడకు. వేగం తగ్గించి అతని వెనక నుంచి పో. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర దారి నడిచేవాళ్లదేనని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. ఇక్కడ ఎవరూ పాటించరంటావేమో, నువ్వు పాటించు. కాకపోతే ఒక్కసారిగా బ్రేకు తొక్కితే వెనకవాడు గుద్దుతాడు, ముందు నుంచే మెల్లగా తగ్గించుకుంటూ రా. కారు దిగేటప్పుడు తలుపుని ఎడమ చేత్తో తెరువు. అప్పుడు ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిల్ కంటబడుతుంది. వెనక సీట్లో కుడివైపు కూర్చున్న నీ స్నేహితులకీ ఇదే నేర్పు. అంబులెన్స్‌కి దారివ్వకపోతే పదివేలు జరిమానా, 2019లో చట్టం మార్చారు. అయినా జరిమానా భయంతోనే దారివ్వాలా ఏంటి?

వాన పడిందంటే అండర్‌పాస్‌ల జోలికి పోవద్దు. 2023 మే నెలలో కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి ఒక ప్రాణం పోయింది, అదీ ఊరి నడిబొడ్డున. నీళ్లు ఎంత లోతున్నాయో పైనుంచి తెలియదు. ఆగిపో, లేదా చుట్టూ తిరిగి పో. నీటి మడుగు పక్కన ఎవరైనా నడుస్తుంటే వేగం తగ్గించు, ఆఫీసుకి తడిసిన ప్యాంటుతో వెళ్లేవాడి తిట్లు ఊరికే పోవు.

గొడవలకి దిగొద్దు. అద్దం తగిలిందని నడిరోడ్డు మీద ఆగి కేకలు వేసుకునేవాళ్లని రోజూ చూస్తున్నాం, వాళ్ల వెనక అర కిలోమీటరు జామ్. "అణ్ణా, స్వల్ప సైడ్ కొడి" (అన్నా, కాస్త సైడ్ ఇవ్వండి) అని నవ్వుతూ అడిగితే చాలామంది జరుగుతారు. వచ్చీరాని కన్నడమైనా ఫర్వాలేదు, అడిగే తీరుని బట్టి ఉంటుంది.

ఊరి నుంచి తెచ్చిన మీ నాన్న బైకు ఏపీ నంబర్‌తోనే ఉందిగా. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటక రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి ముందు అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కావాలి. అక్కయ్యతో చెప్పి కాగితాలు ఇప్పుడే తెప్పించుకో.

సైకిల్‌కి వెనక ఎర్ర లైటు లేదని ఫోటోలో చూశాను. శనివారం పొద్దున మా ఇంటికి రా, వీధి చివర షాపులో లైటూ గంటా బిగించిద్దాం. హెల్మెట్ పెట్టుకునే రా. మీ అత్త ఉగ్గాని బజ్జీ చేస్తానంది.

మామయ్య