పిల్లాడి ఫోన్‌కి పేరెంటల్ కంట్రోల్స్: లాక్ ముందు మీ ఫోన్‌కి వేయండి

అండీ, మీ ప్రశ్న చదివితే మా ఇంటి సంగతే చదివినట్టుంది. బాబు ఆరో తరగతి, మీ పాత ఆండ్రాయిడ్ ఫోన్ వాడికి ఇద్దామనుకుంటున్నారు, స్కూల్ వాళ్ళు హోంవర్క్ వాట్సాప్ గ్రూప్‌లోనే పెడుతున్నారు, షార్ట్స్, గేమ్స్ ఎలా ఆపాలి, డబ్బులు పెట్టి యాప్ కొనాలా, వాడికి తెలీకుండా పెట్టొచ్చా, ఇదే కదా అడిగింది. మా అమ్మాయి ఏడు, బాబు మూడు చదువుతున్నారు, ఇద్దరికీ కలిపి ఒక పాత ఫోన్, ఒక టాబ్. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడ ఫోన్ గురించి కాసేపాగి చెప్తా, అసలు కథంతా అక్కడే ఉంది.

యాప్ ఏదీ కొనకండి. గూగుల్ ఫ్యామిలీ లింక్ అని ఉంది, పిల్లాడి ఫోన్‌ని మీ ఫోన్‌లోంచే కంట్రోల్ చేసే యాప్, 2017లో వచ్చింది, ఫ్రీ, మీకు కావాల్సినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. బయట అమ్మే యాప్స్‌లో చాలావాటికి యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇవ్వాలి, అది ఇచ్చామంటే స్క్రీన్ మీద కనపడేదంతా ఆ యాప్ చదవగలదు. పిల్లాడి మీద నిఘా పెట్టబోయి వాడి మెసేజ్‌లు, ఫోటోలు ఎవరో ముక్కూమొహం తెలీని కంపెనీ చేతిలో పెట్టడం నాకైతే అస్సలు నచ్చదు.

ఫ్యామిలీ లింక్ జోలికెళ్ళే ముందు చేయాల్సిన పని ఒకటుంది, మీ ఫోన్ పిన్ మార్చండి. నవ్వకండి. ఫ్యామిలీ లింక్‌లో వాడికి టైమ్ పెంచే బటన్ ఉండేది మీ ఫోన్‌లో. మీ పిన్ వాడికి తెలుసా అంటే తెలుసు, మీరు నొక్కుతుంటే పక్కన కూర్చుని చూసే ఉంటాడు, లేదా "అమ్మా ఆ ఫోటో చూపించు" అన్నప్పుడు మీరే చెప్పి ఉంటారు. మీరు స్నానానికి వెళ్ళిన గ్యాప్‌లో వాడే మీ ఫోన్ తీసి వాడికి వాడే బోనస్ టైమ్ ఇచ్చేసుకోవచ్చు. పుట్టిన తేదీ, బండి నంబర్ పెట్టొద్దు, అవి వాడికి మీకంటే బాగా గుర్తుంటాయి. వాడి వేలిముద్ర మీ ఫోన్‌లో ఎప్పుడైనా సరదాకి ఎక్కించారేమో కూడా చూసి తీసేయండి.

ఇప్పుడు పాత ఫోన్. మీ వాట్సాప్ బ్యాకప్, బ్యాంక్ యాప్స్, ఫోటోలు సర్దేసుకున్నాక సెట్టింగ్స్‌లోంచి మీ గూగుల్ అకౌంట్ తీసేసి అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోన్ మొత్తం ఖాళీ చేసి కొత్తదానిలా చేయడం. మీ అకౌంట్ ఉంచేసి, పైన ఫ్యామిలీ లింక్ వేద్దాం అనుకుంటే కుదరదు, ఎందుకంటే ఈ కంట్రోల్స్ అన్నీ పిల్లాడి అకౌంట్‌కి అతుక్కుని ఉంటాయి, మీ పెద్దవాళ్ళ అకౌంట్ లోపల ఉంటే దాని పని అది చేసుకుపోతుంది. రీసెట్ అయ్యాక పిల్లాడి పేరు మీద కొత్త అకౌంట్ చేయండి, పుట్టిన సంవత్సరం నిజమే ఇవ్వండి. మనోళ్ళు చాలామంది జీమెయిల్ రావట్లేదని పిల్లాడి వయసు 20, 25 వేసేస్తారు, అలా వేశారంటే గూగుల్ లెక్కలో వాడు పెద్దోడు, ఇక మీకు కంట్రోల్ ఇవ్వదు. 13 లోపు అని ఉంటే మీ పర్మిషన్ లేకుండా ఆ సూపర్‌విజన్ తీసేయడం వాడి వల్ల కాదు. మీ చేతిలోది ఐఫోన్ అయినా పర్లేదు, యాప్ దాంట్లోనూ ఉంది, వాడిది మాత్రం ఆండ్రాయిడ్ అయ్యుండాలి.

లోపల సెట్టింగ్స్ పెద్ద కష్టం కాదు. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ పడుకోవాలి, ఏ యాప్‌కి ఎంత, ఏ యాప్ అసలొద్దు, ప్లే స్టోర్‌లో ఏది వేయాలన్నా మీకు రిక్వెస్ట్ రావాలి, అన్నీ అక్కడే. టైమ్ ఎంత పెట్టాలి అంటే, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2021 గైడ్‌లైన్స్‌లో 2 ఏళ్ళ లోపు స్క్రీన్ వద్దు, 2 నుంచి 5 దాకా రోజుకి గంట మించొద్దు, 5 నుంచి 10 దాకా రెండు గంటల లోపు అన్నారు. మీవాడు దానికి కొంచెం పైన ఉన్నా నేనైతే రెండు గంటలే అంటా, అదీ టీవీ కలుపుకుని. డైలీ లిమిట్ కంటే రాత్రి డౌన్‌టైమ్, అంటే ఫోన్ పడుకునే టైమ్, ముఖ్యం అని నా అభిప్రాయం, పగలు ఒక అరగంట ఎక్కువ చూస్తే కొంపలేం మునగవు గానీ దుప్పట్లో ఫోన్ పెట్టుకుని చూడటం మొదలైతే పొద్దున్నే స్కూల్ బస్ టైమ్‌కి తెలుస్తుంది ఆ నొప్పి.

కొన్ని ఫోన్లలో ప్లే స్టోర్ కాకుండా కంపెనీ వాళ్ళ సొంత యాప్ స్టోర్, సొంత బ్రౌజర్, సొంత వీడియో యాప్ ముందే వేసి ఇస్తారు, లాక్ స్క్రీన్ మీద కూడా వార్తలు, వీడియోలు తిప్పుతుంటారు. ఫ్యామిలీ లింక్ పర్మిషన్ అడిగేది ప్లే స్టోర్‌కి మాత్రమే, కాబట్టి యాప్స్ లిస్ట్‌లో ఇలాంటివన్నీ వెతికి బ్లాక్ చేయండి. తెలీని సోర్స్ నుంచి యాప్స్ వేయడం ఆఫ్ చేయండి. డ్యుయల్ యాప్స్ (ఒకే యాప్‌ని రెండోసారి వేసుకోవడం), సెకండ్ స్పేస్ (అదే ఫోన్‌లో ఇంకో ఫోన్ లాంటిది) లాంటివి ఉన్నాయేమో కూడా చూడండి, ఉంటే మూసేయండి.

యూట్యూబ్ దగ్గర నేను కొంచెం మొండిదాన్ని. చిన్నోడికి యూట్యూబ్ కిడ్స్, అందులోనూ సెర్చ్ ఆఫ్ చేసి నేను ఓకే చేసిన ఛానెల్స్ మాత్రమే వచ్చేలా పెట్టా. మీవాడి వయసుకి అది ఇస్తే అవమానంగా ఫీలవుతాడు, అందుకని మామూలు యూట్యూబ్‌లోనే సూపర్‌వైజ్డ్ అకౌంట్ ఉంది, 9 ఏళ్ళ పైవాళ్ళకి, 13 పైవాళ్ళకి అని లెవెల్స్ ఉంటాయి, కామెంట్లు రాయడం కుదరదు, ఛానెల్ నచ్చకపోతే మీరు బ్లాక్ చేయొచ్చు. షార్ట్స్ సంగతి మేం ఎలా చేశామంటే, పాత ఫోన్‌లో యూట్యూబ్ యాప్ మొత్తం బ్లాక్, చదువు వీడియోలు ఏమైనా ఉంటే హాల్లో టీవీలో, అందరి ముందు. యాప్ ఒక్కటే బ్లాక్ చేస్తే క్రోమ్‌లోంచి యూట్యూబ్ ఓపెన్ చేస్తారు, మా అమ్మాయి చేసింది కూడా, క్రోమ్ సైట్ల లిస్ట్‌లో కూడా బ్లాక్ పెట్టాలి.

ఇక వాట్సాప్. ఈ విషయంలో చాలామంది నాతో ఒప్పుకోరు, అయినా చెప్తున్నా, పిల్లాడి ఫోన్‌లో వాట్సాప్ వేయొద్దు. మామూలు అకౌంట్‌కి వాట్సాప్ వాళ్ళ రూల్ ప్రకారమే 13 నిండాలి. ఫ్యామిలీ లింక్ వాట్సాప్ ఎంతసేపు వాడాలో చెప్పగలదు గానీ లోపల ఎవరేం పంపుతున్నారో దానికి సంబంధం లేదు, కజిన్స్ గ్రూప్‌లో వచ్చే రీల్స్ లింకులు, తెలీని నంబర్లు, అవన్నీ అలాగే వస్తాయి. స్కూల్ గ్రూప్ మీ నంబర్ మీదే ఉంచండి. హోంవర్క్ ఫోటో వస్తే క్విక్ షేర్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య ఫైల్స్ పంపేది) వాడి ఫోన్‌కి పంపేయండి, పక్కపక్కన ఉంటే క్షణంలో వెళ్ళిపోతుంది, సిమ్ కూడా అక్కర్లేదు. ఆ మాటకొస్తే పాత ఫోన్‌లో సిమ్మే వేయకండి, ఇంటి వైఫై చాలు. సిమ్ లేకపోతే ఓటీపీ రాదు, యూపీఐ సెట్ అవ్వదు, తెలీని వాళ్ళ కాల్స్ రావు, సగం తలనొప్పి అక్కడే పోయింది.

డబ్బు సంగతి రెండు ముక్కలు. మీ ఫోన్ ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడగాలి అని పెట్టండి. మీరు యూపీఐ లైట్ వాడుతుంటే గుర్తుంచుకోండి, చిన్న మొత్తాలకి అది పిన్ అడగదు, కాబట్టి ఆ ఫోన్ వాడి చేతికిచ్చి పక్కకి వెళ్ళకండి. ఇవ్వక తప్పదు అనుకుంటే ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ ఉంది, అందులో పిన్ అడగాలి అనే ఆప్షన్ కూడా ఆన్ చేస్తే ఆ ఒక్క యాప్‌లోంచి బయటికి రావాలంటే మీ పిన్ కొట్టాలి, ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కితే వస్తుంది. పెళ్ళిళ్ళలో ఫోన్ లాక్కునే చుట్టాల పిల్లలకి కూడా ఇది బ్రహ్మాండం.

ఇప్పుడు అత్తగారి ఫోన్. ఇవన్నీ చేసి మనం హమ్మయ్య అనుకుంటాం, పిల్లాడి ఫోన్ టైమ్ అయిపోగానే వాడు అలగడు, ఏడవడు, నిశ్శబ్దంగా నానమ్మ గదిలోకి వెళ్తాడు. అలా గొడవ లేకుండా వెళ్ళాడంటే అక్కడ ఇంకో దారి ఉన్నట్టే. ఆవిడ ఫోన్‌కి లాక్ ఉండదు, ఉన్నా నాలుగు ఒకట్లు. "మామ్మా నీకు భజన పెడతా" అని తీసుకుంటాడు, భజన అయిదు నిమిషాలు, తర్వాత గేమ్. ఆవిడనేం అనలేం, మనవడు పక్కన కూర్చున్నాడన్న సంతోషం ఆవిడది. పిన్ పెడితే ఆవిడ మర్చిపోతారు, ప్యాటర్న్ గీస్తే వీడు భుజం మీంచి చూసేస్తాడు. వేలిముద్ర పెడదామంటే జీవితమంతా అంట్లు తోమి, పిండి రుబ్బిన వేళ్ళు కదా, రేషన్ షాపులో మెషీన్ కూడా ఒకోసారి తీసుకోదు. చివరికి ఫేస్ అన్‌లాక్ పెట్టాం, అదీ కళ్ళు తెరిచి ఉంటేనే తెరుచుకోవాలి అనే ఆప్షన్ ఆన్ చేసి, లేకపోతే నిద్రపోతున్న మామ్మ మొహం ముందు పెట్టి తెరిచేస్తారు, పిల్లలు అంత తెలివిగలవాళ్ళు. ఆవిడ యూట్యూబ్‌లో పెద్దవాళ్ళ వీడియోలు చాలావరకు దాచేసే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేశాం, ఆవిడ భజనలకి అదేం అడ్డం రాలేదు. అన్నిటికంటే పనిచేసింది ఏంటంటే మా ఆయన కూర్చోబెట్టి ఆవిడకి విడమర్చి చెప్పడం, కోడలిగా నేను చెప్తే వేరేలా వెళ్తుంది, కొడుకు చెప్తే "సరేలేరా" అన్నారు. మీ ఇంట్లో అత్తగారైనా అమ్మగారైనా ఎవరి మాట వింటారో వాళ్ళతోనే చెప్పించండి.

టీవీ కూడా ఇంతే, అక్కడ మీ అకౌంట్ ఉంటుంది కాబట్టి ఫోన్ లిమిట్ దానికి వర్తించదు. ఓటీటీలకి 2021 ఐటీ రూల్స్ ప్రకారం యూఏ 13 ప్లస్, ఆ పై రేటింగ్ ఉన్నవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వాలి, అంటే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేయాల్సింది మనమే. వైఫై రూటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరు కొడితే దాని అడ్రస్ వెతికిపెట్టేది) 1.1.1.3 అని మార్చుకుంటే క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ ఫ్యామిలీ ఫిల్టర్ వస్తుంది, పెద్దవాళ్ళ సైట్లు ఇంట్లో ఏ ఫోన్‌లో కొట్టినా చాలావరకు తెరుచుకోవు, మొబైల్ డేటా మీద మాత్రం పనిచేయదు. రూటర్ పాస్‌వర్డ్ దాని వెనకాల స్టిక్కర్ మీదే ఉంటుంది, అదీ మార్చండి.

వాడికి తెలీకుండా పెట్టొచ్చా అన్నారు, ఫ్యామిలీ లింక్‌లో అది కుదరదు, వాడి ఫోన్‌లోనే మీరు ఏం చూడగలరు, ఏం చూడలేరు అని రాసి ఉంటుంది, నాకైతే అదే మంచిదనిపించింది. మేం లిమిట్స్ అమ్మాయిని పక్కన పెట్టుకునే సెట్ చేశాం, ఆదివారం ఎక్కువ కావాలంది, బదులుగా పరీక్షలప్పుడు గేమ్స్ వద్దని తనే అంది, ఆ పరీక్షల వారం మళ్ళీ బేరం మొదలెట్టింది అనుకోండి, అది వేరే సంగతి. మీరూ మీవారూ ఇద్దరూ ఫ్యామిలీ లింక్‌లో పేరెంట్‌గా ఉంటే మాత్రం ముందే ఒక మాట అనుకోండి, మా ఇంట్లో నేను కాదన్న రిక్వెస్ట్ ఆఫీసులో ఉన్న ఆయన చూడకుండానే ఓకే కొట్టేసేవారు. ఇప్పుడు యాప్ రిక్వెస్ట్‌లు నావి, టైమ్ రిక్వెస్ట్‌లు ఆయనవి. మీ పాత ఫోన్ మోడల్ ఏంటో కింద రాయండి, ఆ సెకండ్ స్పేస్, యాప్ స్టోర్ లాంటివి దాంట్లో ఎక్కడుంటాయో చూసి చెప్తా.