థాయ్‌లాండ్‌లో ‘అంఫో’ అంటే మన మండలమేనా?

ప్రశ్న ఇది: “థాయ్‌లాండ్‌లో అంఫో అనే విభాగం ఉందట. అది మన మండలం లాంటిదేనా? విహారయాత్రల హడావిడి లేని పల్లె అంఫో ఏదైనా చూడవచ్చా?”

పటం ముందు పెట్టుకుని చెప్పమంటే అవుననే చెబుతాను. చాంగ్వాట్ కింద అంఫో, అంఫో కింద తంబోన్, తంబోన్ కింద మూబాన్. మన జిల్లా, మండలం, పంచాయతీ, ఊరు వరుసలో సరిపోతాయి. కానీ కాంచనబురి పట్టణంలో మూడేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి, వీలైనప్పుడల్లా సంఖ్లాబురి వెళ్లివచ్చినవాడిగా ఆ పోలికను నేను ఒప్పుకోను.

సంఖ్లాబురి కాంచనబురి చాంగ్వాట్‌కు వాయవ్య కొసన, బర్మా సరిహద్దును ఆనుకుని ఉన్న అంఫో. ‘బురి’ అంటే మన ‘పురి’యే. కాంచనబురి అంటే కాంచనపురి. కాంచనబురి పట్టణం నుంచి 323వ నంబరు రహదారి మీద రెండు వందల కిలోమీటర్లకు పైగా కొండదారిలో వెళ్లాలి. ఆ రహదారి చివర మూడు చిన్న తెల్లని స్తూపాలు ఉంటాయి. వాటి పేరుతోనే దాన్ని మూడు పగోడాల కనుమ అంటారు. బర్మా సైన్యాలు శతాబ్దాల పాటు సయాం, అంటే పాత థాయ్‌లాండ్, మీదికి వచ్చిన దారుల్లో అది ఒకటి. అంఫో విస్తీర్ణం సుమారు 3,350 చదరపు కిలోమీటర్లు. తంబోన్లు మాత్రం మూడే: నోంగ్ లూ, ప్రాంగ్ ఫ్లే, లై వో. మిగిలిందంతా అడవి, కొండ, నీరు. ఒకప్పుడు ఈ సరిహద్దును కాపాడింది బ్యాంకాక్ అధికారులు కాదు, కరెన్ తెగ పెద్దలు. వాళ్లకు రాజు ఇచ్చిన బిరుదును మన భాషలో చెప్పాలంటే ‘శ్రీ సువర్ణగిరి’. 1890ల నుంచి, అప్పటి హోం మంత్రి దామ్రోంగ్ రాజకుమారుడి పాలనా సంస్కరణలతో దేశమంతా ఒకే తీరు అధికారుల వరుస వచ్చింది.

మండలానికీ అంఫోకూ తేడా ఇక్కడే మొదలవుతుంది. 1985లో మనకు మండలాలు వచ్చాక, వాటికి ఎన్నికైన మండల పరిషత్తులు కూడా వచ్చాయి. అంఫోలో అలాంటిది లేదు. ఊరి పెద్ద అయిన ఫుయాయ్ బాన్‌ను జనం ఎన్నుకుంటారు, తంబోన్‌కు పాలకవర్గం ఉంటుంది, చాంగ్వాట్‌కూ ఉంటుంది. మధ్యలో ఉన్న నాయ్ అంఫో మాత్రం హోం మంత్రిత్వ శాఖ పంపే అధికారి. ఇంటి జాబితాలో ఎవరి పేరు ఉండాలి, ఎవరి పౌరసత్వ దరఖాస్తు కదలాలి అన్నది ఆ కార్యాలయం బల్ల మీదే తేలుతుంది. అందరి దగ్గరా పౌరసత్వం ఉన్న ఊళ్లో దీని బరువు తెలియదు. సంఖ్లాబురిలో తెలుస్తుంది. అక్కడి మోన్, కరెన్ ప్రజల్లో తరాలుగా ఉంటున్నా పౌరసత్వం లేనివాళ్లు చాలామంది ఉన్నారు.

ఒక ఏప్రిల్ నెలలో పడవ మాట్లాడుకున్నాను. నడిపిన మోన్ పెద్దాయనకు అరవై ఐదేళ్లు ఉంటాయి. అక్కడి మర్యాద ప్రకారం ‘లుంగ్’ అని పిలిచాను, పెదనాన్నా అన్నట్లు. సోంగ్‌కలియా, బిక్లీ, రంతీ అనే మూడు ఏరులు కలిసే చోటును సామ్ ప్రసోప్ అంటారు. మన త్రివేణీ సంగమం వంటి మాట. అక్కడ జలాశయం మట్టం తగ్గి, కప్పు లేని ఇటుక గోడలు బయటపడ్డాయి. పాత వాంగ్ వివేకారామ్ ఆలయం అది. 1984లో దిగువన ఆనకట్ట పూర్తయినప్పుడు పాత ఊరుతో పాటు అదీ మునిగింది. మేము దిగి, ఎండకు పగిలిన బురద మీద నడిచాం. లుంగ్ నన్ను గుడిలోకి తీసుకెళ్లలేదు. గోడ నుంచి ఎనభై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒక మొద్దు దగ్గర ఆగి, “ఇది మా పనసచెట్టు, వంటిల్లు దీనికి ఎడమవైపు” అన్నారు. మోకాళ్ల మీద కూర్చుని మట్టిని చేత్తో సర్దారు.

నాకు గొంతు పట్టేసింది. మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్లలో ఒకటి. వేసవిలో సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు ఆమె కూడా ఇలాగే అడుగులు లెక్కపెట్టేది. ఆ మాట చెప్పాను. ఆయన చాలాసేపు నా చేయి వదలలేదు.

తిరుగుదారిలో చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కార్డు తీసి చూపించారు. అది పౌరసత్వ కార్డు కాదు. అప్పట్లో ఆ కార్డుతో అంఫో దాటాలంటే అనుమతి పత్రం ఉండాల్సి వచ్చేది. కూతురికి కాంచనబురిలో కాన్పు అయినప్పుడు సోంగ్‌క్రాన్ అనే థాయ్ కొత్త సంవత్సరం పండుగ సెలవులు. కార్యాలయం తెరిచేదాకా ఆగి, పత్రం తీసుకుని వెళ్లేసరికి మనవడికి ఐదో రోజు. మీ మండల సరిహద్దు ఎక్కడుందో మీకు తెలుసా? నాకూ తెలియదు. లుంగ్‌కు మాత్రం అంఫో సరిహద్దు మీటర్లతో సహా తెలుసు.

కాగితం లేనివాళ్లకు భూమి మీద హక్కు చూపడం కూడా కష్టమే. ఊరు మునిగినప్పుడు మోన్ కుటుంబాలకు ఆలయ భూమిని పంచి నిలబెట్టినవారు లువాంగ్ ఫో ఉత్తమ అనే బౌద్ధ గురువు. 2006లో కన్నుమూసిన ఆయనను అక్కడివాళ్లు తండ్రిలా తలుచుకుంటారు. అందరూ ఫోటోలు దిగే పొడవైన చెక్క వంతెన కూడా 1986, 1987లలో ఆయన పూనికతో ఊరివాళ్లు కట్టుకున్నదే. దాన్ని ‘వందల ఏళ్ల నాటి వంతెన’ అని వీడియోల్లో చెప్పేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. 2013 జూలై వరదలో అది మధ్యకు తెగిపోతే, ఊరంతా కలిసి కొద్ది రోజుల్లోనే వెదురుతో తేలే దారి వేసుకుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1942, 1943లలో జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల మృత్యు రైలుమార్గం ఈ లోయ గుండానే బర్మాకు వెళ్లింది. యుద్ధఖైదీలకు కాంచనబురిలో పేర్లు చెక్కిన సమాధులు వరుసగా ఉన్నాయి. మలయా తోటల నుంచి తీసుకొచ్చిన తమిళ, తెలుగు కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు చనిపోయిన ఆసియా శ్రామికుల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఒక్క రాయి కూడా లేదు. కాంచనబురి వచ్చే తెలుగువాళ్లు ఆ రైలుమార్గంలోని క్వే వంతెన మీద ఫోటో దిగి అదే రోజు బ్యాంకాక్ వెళ్లిపోతారు. సంఖ్లాబురి దాకా రండి. ఇక్కడి కలరా శిబిరాల్లో మనవాళ్లూ పోయారు.

వెళ్లదలిస్తే మార్చి, ఏప్రిల్ మంచివి, నీరు తగ్గి పాత గుడి దాకా నడవగలుగుతారు. పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, దారిలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి. పడవ ఎక్కాక గుడి గురించి కాకుండా, నడిపేవాళ్ల ఇల్లు ఎక్కడ ఉండేదో అడగండి.