రైసు మిల్లులో ఆర్ట్ గ్యాలరీ: ఏసీ కంటే ముందు కప్పు సంగతి

ప్రశ్న: మా ఉప్పుడు బియ్యం మిల్లు చాలా ఏళ్లుగా మూతపడి ఉంది. 120 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. ఇనుప ట్రస్సులు, పైన పాత సిమెంటు రేకులు, సున్నంతో కట్టిన ఇటుక గోడలు. చిత్రాలు, శిల్పాల ప్రదర్శనకు మార్చాలనుకుంటున్నాం. రేకులు అలాగే ఉంచి, కింద ఫాల్స్ సీలింగ్ కొట్టి, షెడ్డంతా ఏసీ పెడదామని కాంట్రాక్టరు అంటున్నారు. సరేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దండి. ఆ షెడ్డులో 1,20,000 ఘనపుటడుగుల గాలి ఉంది. పగలు చల్లబరచి రాత్రి ఆపేస్తే తేమ రోజూ ఎక్కి దిగుతుంది. కాన్వాసు సాగి ముడుచుకుని రంగు పెచ్చులూడేది అలాగే. షెడ్డు లోపలే 30×20 అడుగుల గది కట్టి, 12 అడుగుల ఎత్తులో కప్పు వేయండి. 7,200 ఘనపుటడుగులకే ఏసీ చాలు. తేమ 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. శిల్పాలు, ఇనుప పనులు ఆ గది బయట, షెడ్డులో ఫ్యాన్ల కిందే ఉండొచ్చు.

గది గోడకూ పాత గోడకూ మధ్య మూడడుగులు వదలండి. చెమ్మ అంటుకోదు, ఎక్కడ కారుతోందో మనిషి దూరి చూడొచ్చు. గోడకు జిప్సం బోర్డు ఒక్కటే కొడితే 20 కిలోల చిత్రానికి స్క్రూ ఊడొస్తుంది. వెనక 18 ఎం.ఎం. ప్లైవుడ్ వేయండి, చెదల మందు పట్టించిందే.

ఇక రేకులు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఖనిజపు పీచు. ఫాల్స్ సీలింగ్ పైన అవి పగిలితే ఆ పీచు ధూళి కనబడకుండా పేరుకుంటుంది. తీయించేయండి, పగలగొట్టించి మాత్రం కాదు. నీళ్లతో తడిపి, రేకులను పట్టి ఉంచే జె బోల్టులు కోసి, రేకును నిండుగా దించి, మందపాటి పాలిథీన్‌లో చుట్టాలి. పనివాళ్లకు గుడ్డ మాస్కు చాలదు, సన్నటి ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం కావాలి. కాలవ గట్టున పారేస్తామంటే ఒప్పుకోకండి. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే పంపాలి.

కొత్తగా 50 ఎం.ఎం. పఫ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య నురుగు నింపినవి) వేస్తే ఎండ వేడి బాగా తగ్గుతుంది. కానీ అవి తేలిక. తుఫాను గాలికి కప్పు పైకి లేచే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ట్రస్సు గోడమీద కూర్చునే చోట, గట్టర్ పక్కన, తుప్పు గీకి మందం కొలిపించండి. కుళ్లేది ముందు అక్కడే. ఆ తర్వాతే ప్యానెళ్లకు ఆర్డరివ్వండి.

వెలుతురు కోసం ఉత్తరం వైపే పాలికార్బొనేటు పట్టీలు పెట్టండి. న్యూయార్క్ రాష్ట్రంలో 1929 నాటి బిస్కెట్ పెట్టెల ముద్రణాలయం 2003లో డియా బీకన్ మ్యూజియమైంది. అక్కడ ఆధారం ప్రధానంగా ఉత్తరపు పగటి వెలుతురే. కాగితం మీది చిత్రాలకు మాత్రం వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాటనివ్వకండి.

గోడలకు సిమెంటు పూత వద్దు. చెమ్మ లోపలే చిక్కి, ఉప్పు పొంగి, పూత రాలిపోతుంది. సున్నపు పూతే వేయించండి.

వడ్లు నానబెట్టే తొట్లు పూడ్చకండి. లండన్‌లో టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం వాళ్లు పాత విద్యుత్కేంద్రపు నూనె ట్యాంకులను 2012లో ప్రదర్శనశాలలుగా తెరిచారు. మీ తొట్లు లోతైనవైతే రెండు వైపులా మెట్లు, చుట్టూ రెయిలింగు పెట్టాకే జనాన్ని దింపండి.

ప్రశ్న: యంత్రాల కింది నేలకు నూనె పట్టేసింది. ఎపాక్సీ (గట్టిపడే రెసిన్ పూత) వేస్తే సరిపోతుందా?

జవాబు: నిలవదు, పొరలుగా లేచిపోతుంది. సబ్బు, సోడా నీళ్లతో కడిగినా నూనె పైపైనే పోతుంది. నూనె దిగినంత మేరా కొట్టించి కొత్త కాంక్రీటు పోయించండి.