ఊరి జనాభా, బస్సుల వివరాలకు 2011 లెక్కలు సరిపోతాయా?

పంచాయతీ కోసం ఊరి వివరాలు రాస్తున్నానని, 2011 జనగణనలో జనాభా, బస్సు సౌకర్యం రెండూ దొరికాయని, అవే ఎక్కిస్తే చాలా అని అడిగారు. చాలవండి. రెండేళ్ల కింద మా ఊరికి ఇదే పని చేశాను. మాది నారాయణపేట జిల్లా, మక్తల్ మండలం.

ముందు ఊరు ఏ జిల్లా కింద ఉందో చూసుకోండి. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 2011 లెక్కల్లో మేమంతా మహబూబ్‌నగర్ కిందే ఉన్నాం. పైగా అందులో ఉండేది రెవెన్యూ గ్రామం లెక్క, అంటే భూముల రికార్డుల్లో ఒకే ఊరిగా ఉన్నదంతా; పంచాయతీ లెక్క కాదు. మా పక్క తండా 2018లో వేరే పంచాయతీ అయింది. కానీ జనగణనలో దానికి విడిగా వరుస లేదు, మా ఊళ్లోనే కలిపేశారు. ఆ మొత్తాన్ని అట్లాగే రాస్తే తండా వాళ్లందరూ మా పంచాయతీ లెక్కలోకి వచ్చేస్తారు.

బస్సు దగ్గర ఇంకా తేడా వస్తుంది. ఊళ్లోకి బస్సు వస్తే 'ఉంది' అని ఒక్క మాట రాస్తారు. రాకపోతే అది దొరికే చోటు 5 కిలోమీటర్ల లోపా, 5 నుంచి 10 మధ్యనా, 10 దాటిందా అన్నంతవరకే. మా ఊరికి 'ఉంది' అని ఉంది, అబద్ధం కాదు. అయితే తండా నుంచి ఆ స్టాపుకు 3 కిలోమీటర్ల నడక, మధ్యలో వాగు. పొద్దున బస్సు పోతే మళ్లీ మధ్యాహ్నమే. ఇంటర్‌కు మక్తల్ పోయే ఆడపిల్లలు వాన పడ్డ రోజు వాగు దగ్గర పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని దాటుతుంటే చూశాను. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఆ బస్సు అందని పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆటోకు డబ్బులిచ్చే పోతున్నారు. అందుకే మీ కాగితంలో బస్సు ఉందా లేదా అని వదిలేయకుండా ఎన్ని ట్రిప్పులు, ఏ టైముకు, ఆఖరి బస్సు ఎప్పుడు, ఏ వాడ నుంచి ఎంత నడక అన్నవి తప్పకుండా రాయండి. నేను ఒక వారం పొద్దున్నే స్టాపులో కూర్చుని ఎక్కేవాళ్లను, ఆటోలో పోయేవాళ్లను వేర్వేరుగా లెక్కపెట్టాను. ఇంకో ట్రిప్పు కోసం మేం పెట్టిన దరఖాస్తుకు పనికొచ్చింది ఆ లెక్కే.

రైలు సంగతి కూడా పాత లెక్కలు చూసి రాయకండి. మా జిల్లాలోనే జక్లేర్ నుంచి కృష్ణా స్టేషన్ దాకా కొత్త లైను 2023 అక్టోబర్ 1న మొదలైంది. మా దిక్కు ఊళ్లకు స్టేషన్ దూరాలన్నీ మారిపోయాయి.

ఇక అసలు విషయం జనాభా. 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. పాలమూరు వలస సంగతి తెలిసినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి అయ్యాక బొంబాయి, పుణె పోయినవాళ్లు వానలకు ముందు గానీ తిరిగిరారు. ఆ 20 రోజులూ ఇంటికి దూరంగా ఉన్నవాళ్లను ఎక్కడ దొరికితే అక్కడే లెక్కపెడతారు. మా పెద్దనాయన వాళ్లిల్లంతా ఆ ఏడు పుణెలో బిల్డింగ్ పని మీద ఉంది. ఇల్లు, చేను, ఓటు అన్నీ ఇక్కడే ఉన్నా ఊరి జనాభాలో వాళ్లు లేరు. అట్లాంటి ఇళ్లు మా వాడలోనే ఎన్నో.

అందుకని నేను అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరు, రేషన్ కార్డులు పక్కపక్కన పెట్టి చూసి, ఇంటింటికీ రెండుసార్లు తిరిగాను: నాట్లప్పుడు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి. రెండు అంకెలూ రాసి, ఏ నెలలో తీసిందో పక్కనే వేశాను. మీరూ అట్లాగే చేయండి. రాబోయే జనగణనలో మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో, అంటే మళ్లీ వలస నెలల్లోనే. మీ ఊరి నుంచి బయటికి పోయే ఇళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టండి, ఆ రోజుల్లో ఒక్కసారైనా ఊరికి వచ్చి పొమ్మని.