లక్షన్నర ఫీజు కట్టే ముందు ఒక్క పాఠం తయారు చేయమనండి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీకాం చివరి ఏడాది. బొమ్మలు బాగా వేస్తుంది, కాన్వాలో పోస్టర్లు చేస్తుంది. ఆన్‌లైన్ కోర్సులు డిజైన్ చేసే పనిలోకి వెళ్తానంటోంది. ఆరు నెలల శిక్షణకు లక్షన్నర అడుగుతున్నారు. పైగా మాక్‌బుక్ కావాలంటోంది. సరేననమంటారా?

జవాబు: మాక్‌బుక్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. ఈ రంగంలో కంపెనీలు తరచూ అడిగే ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ (క్విజ్‌లూ గొంతూ కలిపి పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) విండోస్‌లోనే నడుస్తుంది. మాక్ కొంటే దానిలో మళ్లీ విండోస్ ఎక్కించుకోవాలి, డబ్బూ దండగ, తలనొప్పీ అదనం. 16 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ లాప్‌టాప్ సరిపోతుంది.

ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. ముందు ఇంట్లోనే ఐదు నిమిషాల పాఠం ఒకటి మొదటినుంచి చివరిదాకా తయారు చేయమనండి. పోస్టరు చేయడం వేరు, పాఠం చేయడం వేరు. పోస్టరు కంటికి నచ్చితే చాలు. పాఠం చూసినవాడు ఆ తర్వాత ఆ పని తనంతట తాను చేయగలగాలి. ఈ తేడా అమ్మాయికి రుచిస్తుందో లేదో ఆ ఒక్క పాఠంతో తెలిసిపోతుంది.

బీకాం ఇక్కడ అడ్డంకి కాదు, పెట్టుబడే. తనకు తెలిసిన విషయమే తీసుకోమనండి, ఉదాహరణకు జీఎస్‌టీ నంబరు చదవడం. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, తర్వాతి పది పాన్ నంబరు, పదమూడోది అదే పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో నమోదో చెబుతుంది, పద్నాలుగోది మామూలుగా జెడ్, చివరిది సరిచూసే అక్షరం. కొత్తగా చేసేవాళ్లు దీన్ని ఐదు బులెట్లుగా స్లైడ్ మీద పెట్టి, గొంతుతో వాటినే చదివించేస్తారు. చెవి ఒక వేగంతో, కన్ను ఇంకో వేగంతో వెళ్తాయి, రెండూ సగంసగమే అందుతాయి. బొమ్మలూ మాటలతో మనం ఎలా నేర్చుకుంటామో పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ చెప్పేదీ ఇదే: బొమ్మను మాటతో వివరిస్తున్నప్పుడు అవే మాటలను తెర మీద మళ్లీ పరిచేస్తే నేర్చుకోవడం తగ్గుతుంది.

బదులుగా స్లైడ్ మధ్యలో 15 గళ్లు వరసగా గీయాలి. గొంతు ‘రాష్ట్రం’ అన్నప్పుడు మొదటి రెండు గళ్లు మాత్రం వెలగాలి, మిగతావి మసకబారాలి. ‘29 కర్ణాటక’ అన్న పేరు ఆ గళ్ల కిందే ఉండాలి, మూలన ఎక్కడో రంగుల పట్టిక పెట్టి వెతికించకూడదు. తర్వాత ప్రశ్న: 37తో మొదలైన నంబరు ఏ రాష్ట్రంలో నమోదైంది? ఆంధ్రప్రదేశ్ సరైన జవాబు. తప్పు ఆప్షన్లలో తెలంగాణ తప్పక ఉండాలి, ఎందుకంటే దాని కోడ్ 36, జనం పొరబడేది అక్కడే. తప్పు ఆప్షన్లు నోటికొచ్చినవి పెడితే ఆ క్విజ్ దేన్నీ పరీక్షించదు.

రంగుల్లో చాలామంది తప్పేది లేత బూడిద అక్షరాల దగ్గర. తెల్ల నేపథ్యం మీద 999999 కోడ్ రంగు నాజూగ్గా కనిపిస్తుంది కానీ దాని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, 3:1 కూడా ఉండదు. మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) అడిగేది 4.5:1. 767676 వాడితే గీత దాటుతుంది. రంగు ఒక్కదానితోనే తప్పొప్పులు చూపకూడదు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లుంటారు, పక్కన టిక్కో ఇంటూనో ఉండాలి.

తెలుగు పాఠమైతే ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరసల దూరం మన ఒత్తులకు చాలదు. ‘రాష్ట్రం’ కింది ఒత్తులు తెగిపోవడమో, కింది వరస గుడుల మీద కూర్చోవడమో జరుగుతుంది. లైన్ స్పేసింగ్ 1.5 దగ్గర మొదలుపెట్టాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లే వాడాలి. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లతో కొట్టిన మేటర్ అతికిస్తే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో పిచ్చి గీతలు వస్తాయి.

ఫోన్‌లో చూసుకోవడం మరవద్దు. 1280 పిక్సెళ్ల వెడల్పు స్లైడ్ నిలువుగా పట్టిన ఫోన్‌లో 360కి కుదించుకుపోతే, 24 పిక్సెళ్ల అక్షరం 7 కూడా ఉండదు. ఫోన్‌లోనే చదివేవాళ్ల కోసమైతే స్టోరీలైన్ బదులు రైజ్ మేలు, అదే కంపెనీ చేసిన ఆ సాధనంలో పాఠం తెర సైజుకు తగ్గట్టు తనంతట తానే సర్దుకుంటుంది.

ఇక పని వరస. స్టోరీలైన్‌కు కొన్ని రోజుల ఉచిత ట్రయల్ ఉంది కదా అని మొదటి రోజే డౌన్‌లోడ్ చేస్తే సగం రోజులు ఏం చేయాలో ఆలోచించడానికే పోతాయి. ముందు కాగితం మీద స్టోరీబోర్డు (ఏ స్లైడ్‌లో ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది అన్న చిత్తు), తర్వాత ఫిగ్మా అనే డిజైన్ సాధనంలో స్లైడ్లు, ఆపైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గొంతు రికార్డు చేసుకోవాలి. ఫ్యాన్ ఆపి, పరుపూ కర్టెన్లూ ఉన్న గదిలో, మైకుకు జానెడు దూరంలో కూర్చుంటే మారతహళ్లి హారన్ల మధ్య కూడా రికార్డింగ్ పర్వాలేదనిపిస్తుంది. ఇవన్నీ చేతిలో ఉన్నాకే ట్రయల్ మొదలుపెట్టాలి.

కంపెనీలు కోర్సులు నడిపి, ఎవరు ఎంతవరకు చదివారో నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎల్ఎంఎస్ అంటారు, అది చదవగలిగే ప్యాకేజీ రూపం స్కార్మ్. పాఠాన్ని స్కార్మ్ 1.2గా పబ్లిష్ చేసి, వచ్చిన జిప్‌ను స్కార్మ్ క్లౌడ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కించి పరీక్షించమనండి. కొత్తవాళ్లు బోర్లాపడేది ఇక్కడే. జిప్ విప్పి మళ్లీ ఫోల్డర్‌తో సహా జిప్ చేస్తే ప్యాకేజీలో ఏమేం ఉన్నాయో చెప్పే మానిఫెస్ట్ ఫైల్ ఒక మెట్టు లోపలికి పోతుంది, ఎల్ఎంఎస్ దాన్ని తీసుకోదు. విద్యార్థి ఎక్కడ ఆపాడో గుర్తుంచుకునే చోటుకు స్కార్మ్ 1.2లో 4,096 అక్షరాలే హద్దు. పెద్ద కోర్సు ఒకే ఫైల్‌గా చేస్తే ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుకాకపోవడానికి అదొక కారణం. ట్రయల్ ముగిసేలోపు వెబ్ కోసం కూడా పబ్లిష్ చేసి పెట్టుకోవాలి, రెజ్యూమేలో ఇవ్వాల్సింది ఆ లింకే.

ఈ పాఠం పూర్తయ్యాక శిక్షణ సంస్థకు వెళ్లండి. మీ దగ్గర చదివితే ఎల్ఎంఎస్‌లో నడిచే పాఠాలు ఎన్ని అమ్మాయి చేతికొస్తాయి, వాటిని తప్పుపట్టి సరిదిద్దేది ఎవరు అని అడగండి. సర్టిఫికెట్ గురించే మాట్లాడితే లేచి వచ్చేయండి. డిజైన్‌లోనే పైచదువు కావాలనుకుంటే లక్షన్నర అక్కడ పోయకుండా, ఐఐటీలూ ఐఐఎస్‌సీలో ఎండిజైన్ (డిజైన్‌లో పీజీ) కోసం సీడ్ ప్రవేశ పరీక్షకు, ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్ కోసం డాట్ ప్రవేశ పరీక్షకు సిద్ధం కావచ్చు. మూడేళ్ల బీకాంతో సీడ్ రాయొచ్చు, కానీ సీటుకు అర్హత సంస్థను బట్టి మారుతుంది, కొన్నిచోట్ల మూడేళ్ల డిగ్రీ చాలదు, ముందే చూసుకోండి. సీడ్ సాధారణంగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే ముగుస్తాయి.