పడవలు అవే, పట్టుబడి శక్తి పెరిగిందెలా?

ప్రశ్న: మరబోట్ల సంఖ్య పెరగలేదు, వేట రోజులూ అవే. అయినా చేపలపై ఒత్తిడి పెరుగుతోందంటున్నారు. ఎలా?
– ఒక పాఠకుడు, వాకాడు, తిరుపతి జిల్లా

జవాబు: పడవ అదే అయినా లోపలి పరికరాలు మారాయండి. వాటిలో పెద్ద మార్పు ఉపగ్రహ సంకేతాలతో పడవ ఎక్కడుందో చెప్పే జీపీఎస్, పడవ తిరిగిన దారిని తెరపై పటంలో గీసి దాచే ప్లాటర్. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. దాంతో 100 మీటర్ల దాకా ఉండే పొరపాటు సుమారు 20 మీటర్లకు దిగింది. నిన్న రొయ్య పడిన దారిలోనే ఇవాళా వల లాగొచ్చు. వల చిరిగే రాతినేల అంచు దాకా వెళ్లి తప్పుకోవచ్చు. ఆస్ట్రేలియా ఉత్తర తీర రొయ్యల వేటలో దీన్ని లెక్కకట్టారు: పడవకు చేపను పట్టే శక్తి జీపీఎస్ ఒక్కటే ఉంటే 4 శాతం, ప్లాటర్ తోడైతే 7 శాతం, మూడేళ్లు వాడి చేయి తిరిగాక 12 శాతం ఎక్కువ.

వలను సన్నని గట్టి దారంతో అల్లితే నీటి ఈడ్పు తగ్గి, అదే ఇంజిన్ పెద్ద వలను లాగుతుంది.

అసలు ప్రమాదం లెక్కల్లో ఉంది. పట్టుబడి శక్తి ఏటా 2 శాతం పెరిగితే 35 ఏళ్లలో రెట్టింపవుతుంది. అప్పుడూ గంటకు పాత 50 కిలోలే పడుతున్నాయంటే, సముద్రంలో చేప దాదాపు సగమైందన్నమాట! అందుకే మీ సంఘం రిజిస్టర్‌లో పట్టుబడి పక్కనే ఏ పరికరం ఏ తేదీన బిగించారో, వల పైతాడు (వల నోటి పైఅంచున ఉండే తాడు) పొడవెంతో కూడా తప్పక రాయించండి.